మొదటి ఆదివారపు రొట్టె

మా సంఘంలో ప్రభువు బల్ల నెలకోసారి, మొదటి ఆదివారం. యేసు ప్రభువు తన శిష్యులతో ఆఖరిసారి కలిసి తిన్న భోజనానికి గుర్తుగా తలా ఒక చిన్న రొట్టె ముక్క, ఒక గుక్కెడు ద్రాక్షరసం తీసుకుంటాం. ఆ రొట్టె చేసేదాన్ని నేను. శనివారం సాయంత్రం తలస్నానం చేసి, మైదాపిండిని ఉప్పు లేకుండా, పులియబెట్టకుండా పిసికి, పెనం మీద పల్చగా కాల్చి తెల్లగుడ్డలో చుట్టిపెట్టేదాన్ని. సర్జాపుర సంతలో నల్లద్రాక్ష తెచ్చి ఉడికించి వడగట్టేదాన్ని. నాకంటే ముందు ఈ పని పాస్టరమ్మ సరోజమ్మ గారిది. ఆవిడ రొట్టె నమల్లేక సంఘమంతా దవడలు పట్టుకుని కూర్చునేది. ఒక నెల ఆవిడకు జ్వరమొస్తే నేను చేసిచ్చాను. ఆ తర్వాత ఆవిడని ఎవరూ చెయ్యమనలేదు. పాపం, ఆవిడ కూడా అప్పట్లో ఏమీ అనుకోలేదు.

నా పేరు మార్త. మాది ఒంగోలు పక్కన ఒక పల్లెటూరు. బెళ్ళందూరులో ఒక చిన్న స్కూల్లో ఒకటో తరగతి పిల్లలకు చెబుతాను. నేను చెప్పబోయేది రెండువేల మూడులో జరిగింది. సర్జాపుర రోడ్డు పొడుగునా అపార్ట్‌మెంట్లు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులు. మా ఆరాధన ఒక హార్డ్‌వేర్ షాపు పైన అద్దె హాల్లో జరిగేది. కింద సిమెంటు బస్తాలు, పైన మా స్తోత్రాలు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చుంటాం.

బల్ల విషయంలో మాకొక భయం ఉంది. పాపం లోపల దాచుకుని ఆ ముక్క తింటే తన శిక్ష తనే తిన్నట్టు. బయటివాళ్ళకు ఇది వింతగా ఉండొచ్చు గానీ మాకు ఇది పాలతో పాటు పట్టిన మాట. మా ఊళ్ళో జోగయ్య అని ఒకడు తమ్ముడి పొలం కాజేసి, ఏమీ ఎరగనట్టు బల్ల తిని, ఆ నెలలోనే లారీ కింద పడ్డాడు. లారీ డ్రైవరు తప్పతాగి ఉన్నాడన్న సంగతి మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అందుకని మనసు బాగాలేనివాళ్ళు ఏం చేస్తారంటే, పళ్ళెం తమ దగ్గరికి రాగానే ముట్టుకోకుండా పక్కవాళ్ళకు అందించేస్తారు. దాటించడం అంటాం దాన్ని. ఎవరైనా దాటిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు చూడనట్టు చూస్తారు. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆ కబురు వైట్‌ఫీల్డు చేరుతుంది.

జూన్ నెల మొదటి ఆదివారం మా ఆయన దాటించాడు.

మా ఆయన పేరు శామ్యూల్. రింగు రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్యాబుల సూపర్‌వైజరు. ఏ ఉద్యోగిని ఏ బండి ఎక్కడ ఎక్కించుకోవాలో చూసే పని. మంచి గొంతు. సంఘంలో పాట ఎత్తుకునేది ఆయనే. అలాంటి మనిషి పళ్ళాన్ని కాలుతున్న గిన్నెలా పట్టుకుని, తల దించుకుని, పక్కాయనకు ఇచ్చేయడం తలల సందుల్లోంచి నేను చూశాను. ఆడవాళ్ళందరూ ఒక్కసారి నావైపు తిరిగారు. తప్పు మొగుడిదైనా చూపులు పెళ్ళాం మీదే కదా.

కింద మెట్ల దగ్గర సంఘ పెద్ద ఇస్సాకు తాత ఆయన్ని ఆపాడు. తాతది ఆనేకల్. మగ్గం నేసి నేసి వీపు వంగిపోయిన మనిషి.

"ఏమప్పా శామ్యూలు, ఒళ్ళు బాగా ఉండాదా?"

"కడుపులో బాలేదు తాతా."

"అట్లనా. చూపించుకో అప్పా, సుమ్మనే ఉండొద్దు."

ఒంట్లో బాగాలేని ఆ మనిషి ఇంటికొచ్చి మటన్ కూరతో రెండుసార్లు అన్నం కలుపుకున్నాడు. గోరంత రొట్టె ముక్క పట్టని కడుపులో అరకేజీ మాంసం ఎలా పట్టిందని అడిగాను. "అన్నం దగ్గర గొడవ పెట్టకు మార్తా," అన్నాడు. జులైలో మొదటి ఆదివారం డ్యూటీ ఉందని అసలు రాలేదు.

ఆ రెండు నెలలూ నేను పడ్డ యాతన నాకు తెలుసు. తాగుతున్నాడేమో అనుకున్నాను. చొక్కాలు వాసన చూశాను. ఆఫీసులో ఏదైనా తప్పుడు లెక్కలో ఇరుక్కున్నాడేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే తాగుడే అయితే బాగుండునని కూడా అనుకున్నాను, ఎందుకంటే తాగుడు మానిపించడం ఎలాగో నాకు తెలుసు, మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఏం జరిగిందో చెప్పమని అడిగితే తేలు కుట్టిన దొంగలా ఊరుకునేవాడు. మరీ గుచ్చి అడిగితే పాట పాడుకుంటూ స్కూటర్ తుడిచేవాడు.

ఇంకొకటి చెప్పాలి. ఆ రోజుల్లో ఆయన క్యారియర్‌లో నేను రెండు గిన్నెలు ఎక్కువ పెట్టేదాన్ని. ఆఫీసులో గీతాంజలి అని రాజమండ్రి అమ్మాయి ఉందట. హాస్టల్ సాంబారు తినలేక చిక్కిపోతోందట. "పాపం, మన తిండికి మొహం వాచిపోయి ఉంది," అని ఆయన అంటే నేనూ పాపం అనుకున్నాను. గోంగూర పచ్చడి పెట్టాను. చేపల పులుసు పెట్టినప్పుడు తోక ముక్కలు మాకు ఉంచుకుని నడి ముక్కలు ఆ పిల్లకు పంపాను. ఒకసారి ఫోన్ చేసి, "మీ చేతి వంట అద్భుతం అండీ, మా అమ్మ గుర్తొచ్చింది," అంది కూడా. నేను పొంగిపోయాను.

ఆగస్టు మొదటి ఆదివారం. పాటలయ్యాయి. బల్ల మీద నా రొట్టె తెల్లగుడ్డ కింద ఉంది. పాస్టరు గారు లేచి, "బల్లకు ముందు మన సహోదరుడొకరు సాక్ష్యం చెప్పాలనుకుంటున్నారు," అన్నారు. సాక్ష్యం అంటే దేవుడు తనకు చేసిన మేలు సంఘం ముందు చెప్పుకోవడం. ఎవరికో రోగం నయమైందేమో అనుకున్నాను. లేచింది మా ఆయన.

"ప్రభువు నామమున అందరికీ వందనాలు," అన్నాడు. "నేను పాపిని. మా ఆఫీసులో ఒక స్త్రీతో మూడు నెలలుగా తప్పుదారిలో ఉన్నాను. ఇప్పుడు ఆమె చెన్నై వెళ్ళిపోయింది. నా భార్యకు ద్రోహం చేశాను. రెండు నెలలుగా బల్లకు దూరమై నిద్ర లేకుండా ఉన్నాను. గురువారం పాస్టరు గారి దగ్గర అంతా ఒప్పుకున్నాను. ఇప్పుడు మీ అందరి ముందు ఒప్పుకుంటున్నాను."

అని భోరుమన్నాడు. మగవాళ్ళ వైపు నుంచి స్తోత్రం, స్తోత్రం అని లేచింది. ఒకాయన వెళ్ళి మా ఆయన్ని కౌగిలించుకున్నాడు. ఇంకెవరో కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు ముందు సిగ్గేసింది, కోపం తర్వాత వచ్చింది. నేనేదో బట్టల్లేకుండా అక్కడ కూర్చున్నట్టనిపించి చెంగు నిండుగా లాక్కున్నాను. మా అమ్మాయి కెజియా నా పక్కనే ఉంది. ఎనిమిదో తరగతి చదువుతోంది, చిన్నపిల్లేం కాదు. నా మోచెయ్యి పట్టుకుని కూర్చుంది.

"సహోదరి మార్తా," అన్నారు పాస్టరు గారు. "ముందుకు రామ్మా. నీ భర్త చెయ్యి పట్టుకుని, క్షమించాను అని ఒక్క మాట చెప్పు. ఆ మాటతో మీ ఇల్లు నిలబడుతుంది."

నేను లేచాను. ముందుకు మాత్రం వెళ్ళలేదు.

"ఇది ఇంట్లో చెప్పాల్సిన మాటండీ. నాకు ఇంట్లో చెప్పలేదు. కాబట్టి నేనూ ఇక్కడ ఏమీ చెప్పను," అన్నాను. అని కూర్చున్నాను.

కింద ఎవరో ఇనుప చువ్వలు దించుతున్న మోత వినిపిస్తోంది. పాస్టరు గారు ప్రార్థన చేసి రొట్టె విరిచారు. మా ఆయనకు తన చేత్తో ఇచ్చారు. ఏడుస్తూనే తిన్నాడు, నా చేతి రొట్టె. పళ్ళెం ఆడవాళ్ళ వైపు వచ్చింది. పక్కవాళ్ళను క్షమించని మనసుతో కూడా ఆ ముక్క తినకూడదు, అదీ పాపమే. నా మనసులో క్షమాపణ ఎక్కడా లేదు, వెతికే ఓపికా లేదు. నేను దాటించాను.

ఇంటికొచ్చాక కెజియాని కింద ఫ్లాట్‌కి పంపి తలుపేశాను.

"గురువారం చెప్పావా పాస్టరుకి?" అన్నాను. పెళ్ళయిన నాటి నుంచి ఆయన్ని 'మీరు' అనేదాన్ని. ఆ రోజుతో అది పోయింది, మళ్ళీ రాలేదు.

"ధైర్యం చాల్లేదు మార్తా నీకు చెప్పడానికి."

"నూటయాభై మంది ముందు చెప్పడానికి చాలిందే."

"దేవుడు తోడున్నాడు కాబట్టి చెప్పగలిగాను. నేను ఒప్పుకున్నాను. దేవుడు నన్ను క్షమించాడు. ఇంకా నువ్వు..."

"దేవుడిదేముందయ్యా, ఆయనకు నువ్వు మొగుడివి కాదుగా!"

కాళ్ళు పట్టుకున్నాడు. విడిపించుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన పడక హాల్లో, నాదీ పిల్లదీ గదిలో.

నన్ను అందరూ మొండిదాన్నంటారు. కానీ నేను ప్రయత్నించాను. మోకాళ్ళ మీద పడి, ఈ రాయిని తీసెయ్యి ప్రభువా అని అడిగాను. ఆయన ఆ గీతాంజలితో ఏం చేశాడన్నది నన్ను తినేసింది నిజమే, అయినా దానికి ఏదో ఒకనాటికి అలవాటు పడేదాన్నేమో. దిగమింగలేకపోయింది ఇంకొకటి. గురువారం ఆ కబురు పాస్టరు చెవిన వేశాడు. శుక్రవారం నేను పోసిన దోసెలు తిన్నాడు. శనివారం సాయంత్రం నేను పిండి పిసుకుతుంటే ఎదురుగా కుర్చీలో కూర్చుని పేపర్ చదువుకున్నాడు. "ఈసారి మెత్తగా వస్తుందా?" అని అడిగాడు కూడా. మర్నాడు ఆ రొట్టె ముందు నన్ను ఏం చెయ్యబోతున్నాడో తెలిసి అడిగాడు. దాన్ని ఎలా క్షమించాలో నాకు ఎవరూ నేర్పలేదు.

సెప్టెంబరులో సరోజమ్మ గారు, ఇస్సాకు తాత మా ఇంటికి వచ్చారు. మా ఆయన బిస్కెట్లు తెచ్చి పెట్టి తలవంచుకుని నిలబడ్డాడు, పెళ్ళిచూపుల్లో పిల్లలాగా.

"చూడమ్మా," అన్నాడు తాత, "మగోడు తప్పు చేసినాడు. చేసినాక ఒప్పుకున్యాడు. ఒప్పుకునేవాళ్ళు ఎందరుండారు చెప్పు? సొల్ప అడ్జస్ట్ చేసుకోమ్మా."

"అది సిటీ బస్సులో సీటు దగ్గర చెప్పే మాట తాతా," అన్నాను.

తాత నొచ్చుకోలేదు. ఆయన మంచి మనిషే. "నిజమేలే," అని టీ గ్లాసు కింద పెట్టాడు. సరోజమ్మ గారు మాత్రం గొంతు సవరించుకున్నారు.

"మార్తా, ఇంకో సంగతి. నువ్వు బల్లకు దూరంగా ఉన్నావు కదా. బల్లలో లేనివాళ్ళ చేత రొట్టె చేయించడం బాగుండదని పెద్దలు అనుకుంటున్నారు. మనసులో చేదు పెట్టుకుని పిసికితే... అదే, నేనే చేస్తాలే ఈ నెల నుంచి."

మా ఆయన మూడు నెలల పాటు పరాయి ఆడదాని దగ్గరికి వెళ్ళొచ్చి పాట ఎత్తాడు, ఆ చేతులతోనే పళ్ళెం పట్టుకుని అందించాడు. వాటికి ఏ మైలా అంటలేదు. నా చేతులకు మాత్రం చేదు అంటింది. ఆ మాట పైకి అనలేదు. తెల్లగుడ్డ మడిచి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆ తర్వాత నన్ను చూసే తీరే మారిపోయింది. మొదట జాలి పడ్డవాళ్ళే కొన్నాళ్ళకు సలహాలు చెప్పారు. సలహాలు వినకపోయేసరికి విసుక్కున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నా వెనకే అనుకున్నారు. శామ్యూల్‌కి మాత్రం మంచి రోజులొచ్చాయి. తప్పిపోయి దొరికిన గొర్రె మీద ఉండే ముద్దు దొడ్లోనే పడి ఉన్న గొర్రె మీద ఎవరికుంటుంది? యూత్ మీటింగుల్లో ఆయన చేత సాక్ష్యం చెప్పించారు. చెప్పగా చెప్పగా ఏ చోట ఆగాలో, ఏ చోట గొంతు తగ్గించాలో ఆయనకు బాగా కుదిరింది. ఆఖర్న, "నా భార్య మనసు మెత్తబడాలని ప్రార్థించండి," అనేవాడు. నటన కాదు, మనస్ఫూర్తిగానే అనేవాడు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండేది.

పుట్టింటికి పోదామా అనుకున్నాను. కెజియా చదువు గుర్తొచ్చి ఆగాను. అసలు నన్ను కట్టిపడేసింది ఆ పిల్లే.

నవంబరులో కెజియా బాప్తిస్మానికి పేరిచ్చింది. క్రిస్మస్ ముందు ఆనేకల్ దగ్గర ఇస్సాకు తాత బంధువుల తోటలో, పంపుసెట్టు తొట్టిలో ఇస్తారు. నీళ్ళలోంచి లేచిన పిల్లలు అదే రోజు మొట్టమొదటిసారి బల్లలో పాల్గొంటారు. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. పిల్లలకు ఆ మొదటి ముక్క పాస్టరు గారు ఇవ్వరు. అమ్మా నాన్నా ఇద్దరూ పట్టుకుని విరిచి, పిల్ల నోట్లో పెట్టి, తామూ తింటారు. దాని పసితనం నుంచి నేను ఆ రోజు కోసం చూస్తున్నాను. ఇప్పుడు బల్లలో లేనిదాన్ని నేను. కాబట్టి నాకు వీల్లేదు.

ఒక సాయంత్రం దానికి జడ వేస్తున్నాను. అద్దంలో నన్నే చూస్తోంది.

"మమ్మీ, డాడీ సారీ చెప్పారు కదా."

"చెప్పాడు."

"అందరి ముందు చెప్పారు. అంత ఇన్సల్ట్ అయినా చెప్పారు. మరి నువ్వెందుకు చెప్పట్లేదు?"

"నేనేం తప్పు చేశానే సారీ చెప్పడానికి?"

"సారీ కాదు. ఓకే అని." రిబ్బను వేలికి చుట్టుకుంటూ మళ్ళీ అంది. "చర్చిలో ఓబులమ్మ ఆంటీ అడిగారు, మీ మమ్మీ ముందుకు రాదా అని. డాడీ ఒక్కరే ఇస్తారని చెప్పాను. ఇట్స్ ఓకే మమ్మీ. నాకేం ఫీలింగ్ లేదు."

పదమూడేళ్ళ పిల్ల నన్ను ఓదారుస్తోంది. ఇంట్లో గొడవకు కారణం నేనే అన్నట్టు, పోనీలే అని నన్ను వదిలేస్తోంది. మూడు నెలల పాటు ఇంకో ఆడదానితో తిరిగినవాడు దాని పక్కన నిలబడతాడు. దాన్ని కని, పాలిచ్చి, దానికి ప్రార్థన నేర్పినదాన్ని నేను చాప మీద కూర్చుని చూస్తాను. నా చేతుల్లో జడ బిగిసి, "అబ్బా, మమ్మీ!" అంది.

సరోజమ్మ గారికి ఫోన్ చేశాను. "నేనూ నిలబడతానండీ," అన్నాను. ఆవిడ ఫోన్‌లోనే స్తోత్రం చెప్పి, "మరి ముందు సంఘంలో ఆ మాట అనాలి కదమ్మా," అన్నారు. అంటానన్నాను.

ఆనేకల్ తోటలో ఆ పొద్దున మంచు వదల్లేదు. తొట్టి నిండా చల్లటి నీళ్ళు. చుట్టూ మామిడి చెట్లు, వాటి కింద మావాళ్ళందరూ శాలువాలు కప్పుకుని నిలబడ్డారు. కెజియా తెల్ల చుడీదార్‌తో దిగి, మునిగి, పళ్ళు టకటకలాడిస్తూ నవ్వుతూ లేచింది. తువ్వాలు కప్పాను. అప్పుడు పాస్టరు గారు నావైపు చూశారు.

నేను మామిడి చెట్టు ముందుకు వెళ్ళి నిలబడ్డాను. శామ్యూల్ పక్కనే ఉన్నాడు. జోగయ్య కథ వింటూ పెరిగినదాన్ని. ఆ ముక్క ముందు అబద్ధం ఆడితే ఏమవుతుందో నా ఎముకలకు తెలుసు. తడి జుట్టుతో నా పిల్ల నన్నే చూస్తోంది.

"నా భర్తను క్షమించాను," అన్నాను. వినపడలేదేమోనని మళ్ళీ అన్నాను, గట్టిగా. "మనసారా క్షమించాను."

స్తోత్రాలకు చెట్ల మీది కాకులు లేచిపోయాయి. ఇస్సాకు తాత ఏడ్చాడు. శామ్యూల్ నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోనిచ్చాను. ఇద్దరం కలిసి ముక్క విరిచి కెజియా నోట్లో పెట్టాం. మిగిలింది నేను నోట్లో వేసుకున్నాను. సరోజమ్మ గారి రొట్టె, గట్టిగా చెక్కలా ఉంది. చాలాసేపు నమలాల్సి వచ్చింది.

మధ్యాహ్నం ఇల్లు చేరాం. నేను వంటింట్లో కూర వేడి చేస్తున్నాను. శామ్యూల్ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. పెళ్ళయిన కొత్తలో అలా ఉండేవాడు.

"మార్తా, నిజంగానేనా?"

ఇంకొక్క అబద్ధం ఆడితే సరిపోయేది. కానీ ఆ రోజుకు నాలో ఉన్న అబద్ధాలన్నీ అయిపోయాయి.

"లేదు," అన్నాను.

"ఏంటి లేదు?"

"క్షమించలేదు. పిల్ల కోసం అన్నాను."

వెలుగు పోయింది. దాని చోట కోపం రాలేదు, బాధ కూడా రాలేదు. భయం వచ్చింది. "మరి తిన్నావు కదా," అన్నాడు. "చేత్తో విరిచి, పిల్లకు పెట్టి, నువ్వూ తిన్నావు కదా మార్తా! అంత పాపం చేసి కూడా నేను ఆ పని చెయ్యలేదే!"

"చెయ్యలేదు. నాతో అబద్ధం ఆడగలిగావు, బల్ల దగ్గర ఆడలేకపోయావు. రెండిట్లో దేనికి భయపడ్డావో అప్పుడే తెలిసింది నాకు."

"పాస్టరు గారి దగ్గరికి పోదాం. ఇప్పుడే పోదాం. ప్రార్థన చేయించుకుందాం. ఇట్లా ఉంచుకోకూడదు మార్తా, నీకేమన్నా అయితే..." అంటూ మేకు మీది స్కూటర్ తాళం అందుకున్నాడు.

"పో, చెప్పు. నీకు అలవాటేగా. కాకపోతే కెజియాని కూడా తీసుకెళ్ళు. నీళ్ళలోంచి లేచి అది తిన్న మొదటి ముక్క, అబద్ధమాడిన చేతి ముక్క అని దానికీ తెలియాలి కదా. అందరి ముందే చెప్పు."

తాళం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముందు గదిలో కెజియా ఫ్యాన్ కింద జుట్టు ఆరబెట్టుకుంటూ పాడుకుంటోంది, తండ్రి గొంతే దానిది. ఆయన చాలాసేపు విన్నాడు. తర్వాత తాళం తీసిన చోటే తగిలించి, కంచాలు పెట్టాడు.

జనవరి మొదటి ఆదివారం పళ్ళెం మగవాళ్ళ వైపు వెళ్ళింది. ఒకరి పాపం తెలిసి దాచడం కూడా మాకు పాపమే. దాటించాలి. దాటిస్తే సంఘం మళ్ళీ అడుగుతుంది, అడిగితే ఆయన దాచలేడు. నేను తలల సందుల్లోంచి చూస్తున్నాను. పళ్ళెం చేతిలోకి వచ్చాక ఆయన నావైపు చూశాడు. ఒక ముక్క తీసుకుని తిన్నాడు. మింగడం నేను కూర్చున్న చోటికి కనిపించింది. నా కోసం ఆయన నోరు మూసుకోవడం అదే మొదలు.

కెజియా ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. సంఘంలో కొత్తగా పెళ్ళయినవాళ్ళను మా ఇంటికి పంపుతుంటారు, మమ్మల్ని చూసి నేర్చుకోమని. నేను టీ పెడతాను. ఆయన క్షమాపణ గురించి మాట్లాడతాడు, బాగా మాట్లాడతాడు. మొన్నొక అమ్మాయి, సుమ అని, కళ్ళనిండా నీళ్ళతో, "మీరెట్లా క్షమించారక్కా?" అని అడిగింది. నేను ఆయనవైపు చూశాను. ఆయన టీ కప్పులోకి చూస్తున్నాడు. దేవుడే చేయించాడమ్మా అన్నాను.

ఈయన్ని వదిలేసి పోవాలని ఇప్పటికీ అనిపిస్తుంది. పాస్టరు గారికి తెలియదు, మా అమ్మకు తెలియదు, నేను కన్న పిల్లకు తెలియదు. నేనెలాంటిదాన్నో ఈ ఊళ్ళో తెలిసిన మనిషి ఆయనొక్కడే. పోతే ఆ ఒక్కడూ ఉండడు.